కమాను, మెట్లు, మిరాశీ

వయొలిన్, పియానో కలిపి వాయించే పాశ్చాత్య రచనల చరిత్రలో మొదట్లోనే ఒక విడ్డూరం కనిపిస్తుంది. 1700లో అచ్చయిన కొరెల్లీ సొనాటాల్లో వయొలిన్‌దే పెత్తనం. హార్ప్సికార్డ్ కింద నిలబడి మంద్రస్వరాలు అందిస్తుంది, అంతే. 1778లో పారిస్‌లో అచ్చయిన మొజార్ట్ సొనాటాలు ఆరింటికి వచ్చేసరికి వరస తిరగబడింది. అవి కీబోర్డు సొనాటాలనీ, వయొలిన్ వాటికి తోడు మాత్రమేననీ ముఖపత్రం మీదే వేశారు. ఎనభై ఏళ్లలోపు యజమాని తోడుగాడయ్యాడు, తోడుగాడు యజమాని అయ్యాడు. ఈలోగా వయొలిన్ గొంతు ఏమీ సన్నగిల్లలేదు. మారినవాళ్లు కొనుగోలుదార్లు. పద్దెనిమిదో శతాబ్దపు చివరి భాగంలో అచ్చు సంగీతం కొన్నవి కలిగినవాళ్ల ఇళ్లు. ఆ ఇళ్లలో ఆడపిల్లలకు కీబోర్డు నేర్పించేవారు. వయొలిన్ పట్టుకొచ్చేది చుట్టపుచూపుగా వచ్చిన మనిషి. ఆ మనిషి రాకపోయినా పాట ఆగకూడదు కాబట్టి రచన కీబోర్డు చుట్టూ తిరిగింది. 1803లో వియన్నాలో బ్రిడ్జ్‌టవర్ అనే వయొలిన్ విద్వాంసుడితో కలిసి బీతోవెన్ తన సొనాటా వాయించినప్పుడు మళ్లీ లెక్క మారింది. అది ఇద్దరు వృత్తికళాకారులు టిక్కెట్టు కొన్న జనం ముందు చేసిన కచేరీ. అందులో రెండు వాద్యాలూ సమ ఉజ్జీలుగా తలపడతాయి. తర్వాత ఆ రచన మరో వయొలిన్ విద్వాంసుడు క్రాయిట్జర్‌కు అంకితమై ఆయన పేరే దానికి నిలిచింది, ఆయన మాత్రం దాన్ని ఎప్పుడూ వాయించలేదంటారు.

ఈ ముచ్చట ఇక్కడ ఎత్తుకోవడానికి కారణముంది. ఉత్తర తెలంగాణలో కూడా కమానుతో పలికే వాద్యం ఒకటి, మెట్లు నొక్కితే పలికే వాద్యం ఒకటి చాలాకాలంగా ఉన్నాయి. ఆదిలాబాద్ అడవి పల్లెల్లో గోండుల కథలు పాడే పర్ధాన్‌లు, తోటీలు వాయించే కింగ్రి మొదటిది, కొందరు కిక్రి అంటారు. కరీంనగర్ మెట్ట ఊళ్లలో చిందు భాగవతుల ఆటకూ, భజన మండళ్లకూ ఆధారమైన హార్మోనియం రెండోది. రెండింటి మధ్య దూరం ఒక రోజు ప్రయాణం కూడా కాదు. అయినా ఒకే చాప మీద కూర్చుని రెండూ కలిసి పలికే సంప్రదాయం పుట్టలేదు. ఒకటి క్షీణించింది, ఒకటి వ్యాపించింది. ఎందుకని అడిగితే సంగీతం తెలిసినవారు వెంటనే చెప్పే జవాబు ధ్వనిని గురించి: కింగ్రి గొంతు చిన్నది, హార్మోనియం గొంతు పెద్దది, పైగా రెండింటి స్వరాలు పొసగవు. నా వాదన వేరు. ఏ వాద్యం నిలుస్తుంది, ఏది దేనికి తోడవుతుంది అన్నవి స్వరగుణం తేల్చే సంగతులు కావు. ఆ వాద్యాన్ని ఏ హక్కు కింద వాయిస్తారు, గింజలు ఎవరింటి నుంచి వస్తాయి అన్నదే వాటిని తేలుస్తుంది. మొజార్ట్ ముఖపత్రం చెప్పిందీ ఇదే, మన మిరాశీలు, అంటే వంశపారంపర్య హక్కులు, చెప్పేదీ ఇదే.

ముందు కింగ్రి. చెక్కను తొలిచి చేసిన చిన్న పెట్టె, దాని మీద బిగించిన తోలు, మూడు తంతులు, గుర్రపు వెంట్రుకలు కట్టిన కమాను. మెట్లు ఉండవు. వేలు తంతి మీద జారుతుంది కాబట్టి స్వరం నుంచి స్వరానికి పోయే దారంతా వినిపిస్తుంది. గాయకుడి గొంతు ఎక్కడ సాగితే అక్కడ సాగడం, ఎక్కడ విరిగితే అక్కడ విరగడం దాని పని. మధ్యప్రదేశ్‌లో నర్మదా ఎగువన ఉండే పర్ధాన్‌ల చేతిలో దీని తోబుట్టువు ఉంది, పేరు బానా. శ్యామ్‌రావ్ హివాలే 1946లో అక్కడి పర్ధాన్‌ల మీద ఒక పుస్తకమే రాశాడు. మన ఆదిలాబాద్ సంగతులు రాసినవాడు ఆస్ట్రియా దేశస్థుడు హైమెన్‌డార్ఫ్. 1940లో నిజాం మీద తిరుగుబాటు నడిపిన కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండుల కోపానికి మూలం తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఆయన్ని ఈ అడవులకు పంపింది. మార్లవాయిలో మకాం పెట్టి ఆయన రాసిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో వెలువడింది. అందులో పురాణాలకూ పూజలకూ సంబంధించిన భాగానికి పునాది పర్ధాన్‌ల నోటి విద్యే. గోండుల దేవుళ్లను శ్రీశంభు గుహలో బంధించడం, పహండి కుపార్ లింగాల్ జంగుబాయి తోడ్పాటుతో వాళ్లను విడిపించడం, గోండులను సగలనే నాలుగు వంశసమూహాలుగా విడదీసి ఎవరికి ఎందరు వేల్పులో, ఎవరికి ఎవరితో పెళ్లి కుదురుతుందో కట్టడి చేయడం, ఇదంతా గోండు పెద్దకు అక్షరం అక్షరం తెలిసి ఉండనక్కర్లేదు. తెలిసి తీరవలసినవాడు పర్ధాన్.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. శాస్త్రీయ రచనల గురించి మొదలుపెట్టి జానపద వాద్యం దగ్గర ఆగావేమని. ఈ తరహా విభజనకు మనం అలవాటుపడిపోయాం. కాగితం మీద స్వరాలుంటే శాస్త్రీయం, లేకపోతే జానపదం. ఆ కొలతతో చూస్తే కర్ణాటక సంగీతం కూడా నిన్నమొన్నటిదాకా సగం జానపదమే అవుతుంది, అందులో విద్య గురుముఖతః నడిచింది గదా. వేరే కొలత పెట్టి చూద్దాం. రచనకు స్థిరమైన కథాక్రమం ఉందా? వంశపారంపర్య శిక్షణ ఉందా? ఫలానా సందర్భంలో ఫలానాదే పాడాలన్న నియమం ఉందా? తప్పు పాడితే పట్టుకునే శ్రోత ఉన్నాడా? పర్ధాన్ పాటకు నాలుగూ ఉన్నాయి. వీటన్నిటి కన్నా గట్టి సాక్ష్యం భాషది. ఆదిలాబాద్ పర్ధాన్‌ల ఇంటి మాట చాలావరకు మరాఠీ. కథ పాడేది మాత్రం గోండిలో. తన పిల్లలతో మాట్లాడే భాష ఒకటి, దేవుడి ముందు పలికే భాష మరొకటి. ఆ రెండోదాన్ని అతను చిన్ననాటి నుంచి పాఠంలా నేర్చుకోవలసిందే. తమిళం మాట్లాడే విద్వాంసుడు తెలుగు కృతి నేర్చుకుని పాడితే దాన్ని శాస్త్రీయమనడానికి మనం ఒక్క క్షణం ఆలోచించం. పర్ధాన్ విషయంలో ఆలోచిస్తున్నామంటే లోటు అతని విద్యలో లేదు. ఆ మాటకొస్తే గోండికి రాతా ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో బయటపడ్డ లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. కాని కింగ్రి కథ నిలబడింది రాత మీద కాదు, ఒడంబడిక మీద.

ఆ ఒడంబడిక ఎలాంటిదో కాస్త దగ్గరగా చూడాలి, వాదన అంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఒక గోండు వంశానికి ఒక పర్ధాన్ వంశం అంటిపెట్టుకుని ఉంటుంది. మెస్రంవారికి మెస్రం పర్ధాన్‌లు, మరో ఇంటిపేరువారికి ఆ ఇంటిపేరు పర్ధాన్‌లు. వంశదేవత పెర్సాపెన్ కొలువుకు కటోడ పూజారి ఎంత అవసరమో కింగ్రి పట్టిన పర్ధాన్ అంత అవసరం. పెళ్లికి రావాలి, చావుకు రావాలి, పంట ఇంటికొచ్చాక రావాలి. వచ్చినప్పుడు ధాన్యం, బట్ట, గట్టి ఇల్లయితే పశువు కట్నంగా దక్కుతాయి. చనిపోయిన మనిషి బట్టలు పర్ధాన్‌కు చెల్లుతాయని మధ్యపరగణాల నాటి గ్రంథాలు కూడా రాశాయి. అంటే ఇతను పిలిస్తే వచ్చి వాయించి కూలి పుచ్చుకునే మేళగాడు కాడు, అతను రాకపోతే పూజ పూర్తికాదు. కింగ్రి ఈ సంబంధంలో పనిముట్టు కాదు, దస్తావేజు. అది చేతిలో ఉన్నవాడికి ఆ వంశం వాకిట్లో నిలబడి అడిగే అధికారం ఉంటుంది. అందుకే ఇంకెవరో నేర్చుకుని బాగా వాయించినంత మాత్రాన అతని కింగ్రికి విలువ రాదు. అదే ఈ వాద్యానికి కోట, అదే దానికి చెర.

ఇప్పుడు కరీంనగర్ వైపు. హార్మోనియం పుట్టుక అందరికీ తెలిసిందే. 1842లో పారిస్‌లో డెబైన్ పేటెంటు తీసుకున్నాడు, కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి కొడుతూ వాయించే పెట్టెగా మార్చాడు. 1880లో కోస్తాకు వచ్చిన ధార్వాడ నాటక కంపెనీ, 1885లో మొదలైన సురభి, వాటి వెనుక పుట్టిన పద్యనాటక సమాజాలు ఈ పెట్టెను తెలుగు రంగస్థలానికి ప్రాణవాయువు చేశాయి. చిందు భాగవతం అంతకంటే చాలా పాతది. మద్దెల, తాళాలతో నడిచే ఆటలోకి హార్మోనియం తర్వాత వచ్చి చేరిందే. వచ్చాక మరి కదల్లేదు. ఎందుకు కదల్లేదో వాద్యం కట్టుబడి చూస్తే కొంత తెలుస్తుంది. రాత్రంతా ఆరుబయట సాగే ఆటలో రాజు, రాణి, హాస్యగాడు బుడ్డర్‌ఖాన్ వేర్వేరు గొంతులతో ఒకే శ్రుతిలో ఎత్తుకోవాలి. చిన్న గొంతు, పెద్ద గొంతు, రాత్రి రెండో జాముకు బొంగురుపోయిన గొంతు, అన్నిటికీ ఒక గుంజ కావాలి. మన నాటకాలవాళ్లు శ్రుతిని ఈ పెట్టె మెట్లతోనే కొలుస్తారు. తెల్ల మెట్టు ఒకటి, రెండు, మూడు. నడుమ నల్ల మెట్టు ఒకటిన్నర, రెండున్నర. నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర ఉన్నాయి, మూడున్నర మాత్రం లేదు. మూడో తెల్ల మెట్టుకూ నాలుగోదానికీ నడుమ నల్ల మెట్టు లేకపోవడమే కారణం. పారిస్‌లో పుట్టిన పెట్టె మన పల్లె గాయకుడి గొంతుకు ఇంత కచ్చితమైన కొలబద్ద అయ్యింది.

అయితే చూశారా, ధ్వనిదే కారణమని నీవే ఒప్పుకున్నావు గదా అనవచ్చు ఎవరైనా. జట్టు ఆటకు స్థిరమైన శ్రుతి కావాలి, ఒంటి కథకుడికి జారే తంతి కావాలి, అందుకే అవి వేరయ్యాయి అని. ఇది తేలిగ్గా కొట్టేయదగ్గ మాట కాదు. వాద్యం కట్టుబడి అది ఏ పని చేయగలదో చెబుతుంది. కాని ఆ పని బతుకుతుందా లేదా అన్నది చెప్పదు. దీనికి మన దేశంలోనే బలమైన సాక్ష్యం సారంగీ. హిందుస్తానీ గాయకుడి గొంతును అంత దగ్గరగా అనుసరించే వాద్యం మరొకటి లేదని అందరూ ఒప్పుకుంటారు. స్వరం నుంచి స్వరానికి జారే మీండ్ పలకలేని హార్మోనియం దాని చోటును చాలావరకు ఆక్రమించింది. స్వరగుణమే నిర్ణేత అయితే ఇది జరగకూడదు. సారంగీ వాయించేవారికి తవాయఫులనే వారకాంతల కొలువుతో ఉన్న సంబంధం వల్ల పరువైన ఇళ్లు ఆ వాద్యాన్ని దూరం పెట్టాయి, ఏ కులానికీ ఏ వీధికీ చెందని పెట్టెను దగ్గరికి తీశాయి. దీనికి విలోమ సాక్ష్యం రేడియోది. 1940 మార్చిలో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని తన స్టూడియోల నుంచి వెలివేసింది. గమకం పలకదని, మన శ్రుతులకు సరిపోదని వాదించినవారిలో రవీంద్రుడంతటి వాడున్నాడు. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. ఆ ముప్పై ఏళ్లూ రేడియో జీతమిచ్చి సారంగీ విద్వాంసుల్ని ఉంచుకుంది కాబట్టి అక్కడ సారంగీ నిలిచింది. మరి ఆ నిషేధం కరీంనగర్ చిందు మేళాన్ని ఏమైనా కదిలించిందా? ఒక్క మెట్టు కూడా ఆగలేదు. రేడియో వాళ్లకు జీతమివ్వలేదు, వాళ్ల గింజలు మాదిగవాడల నుంచి వచ్చేవి.

ఆ గింజల లెక్కే మిరాశీ. చిందువారు మాదిగల ఆశ్రితులు. ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానివని పంపకం ఉంటుంది, ఆ ఊళ్లలో జాంబపురాణం ఆడే హక్కు వాళ్లదే, దానికి చెల్లే త్యాగం అనే కట్నమూ వాళ్లదే. పద్మశాలీలకు కూనపులివారు, యాదవులకు మందహెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు. ఉత్తర తెలంగాణలో దాదాపు ప్రతి పనికులానికీ తన పుట్టుకథ చెప్పే ఆశ్రితులున్నారు. అంటే పర్ధాన్‌కు గోండుతో ఉన్న సంబంధమే కరీంనగర్‌లో చిందుకు మాదిగతో ఉంది. అలాంటప్పుడు కింగ్రి తగ్గిపోయి హార్మోనియం ఎందుకు పెరిగిందన్న ప్రశ్న మళ్లీ లేస్తుంది. నాకు కనిపించే తేడా ఇది. చిందువారి హక్కు ఆట మీద, పురాణం మీద ఉంది. వాద్యం మీద లేదు. హార్మోనియం బజారులో దొరికే సరుకు. ఇవాళ జాంబపురాణానికి పలికిన పెట్టె రేపు హనుమంతుడి గుడిలో భజనకు పలుకుతుంది, ఎల్లుండి బడిలో నాటకానికి. మిరాశీ ఎండిపోతే పెట్టె ఇంకో దారి వెతుక్కుంటుంది. కింగ్రికి అలాంటి రెండో దారి లేదు. హక్కూ వాద్యమూ ఒకే కర్రలో చెక్కినవి. ఒకటి పోతే రెండోదీ పోతుంది.

అది ఎప్పుడు పోవడం మొదలైందో కూడా చరిత్రలోనే ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఆదిలాబాద్‌కు రైలు, రోడ్డు, వాటి వెంట బయటి రైతులు, షావుకార్లు వచ్చారు. అడవిని రిజర్వు చేసి పోడు ఆపారు. పట్టా అంటే ఏమిటో తెలియని గోండు తాను దున్నిన నల్లరేగడి మీద కౌలుదారయ్యాడు, ఆ తర్వాత కూలీ అయ్యాడు. జోడేఘాట్ తిరుగుబాటుకు మూలం ఇదేనని హైమెన్‌డార్ఫ్ రాసిందీ, తర్వాత వచ్చిన భూమి నిబంధనలు ఒప్పుకున్నదీ ఒకటే. మనం సాధారణంగా దీన్ని భూమి చరిత్రగానే చదువుతాం, అది సంగీత చరిత్ర కూడా. భూమి పోయిన గోండు ఇంట్లో కళ్లం లేదు, కళ్లం లేనిచోట పర్ధాన్‌కు కొలిచే కుంచం లేదు. ఏడాదికోసారి జరగాల్సిన పెర్సాపెన్ కొలువు వాయిదా పడుతుంది. కొలువు వాయిదా పడ్డ ఇంటికి పర్ధాన్ రాకపోకలు తగ్గుతాయి. కొడుక్కి గోండి కథ నేర్పి లాభమేమిటన్న లెక్క అక్కడే మొదలవుతుంది. సినిమా వచ్చి కింగ్రిని చంపిందనేవారు ఒక సంగతి గమనించాలి. అదే సినిమా అదే ఆదిలాబాద్‌లో గోండుల దండారి, గుస్సాడి ఆటలను చంపలేదు. డోలు, పెప్రె, కాలికొం మోగుతూనే ఉన్నాయి, మార్లవాయి గుస్సాడి కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. దండారికి ఊరంతా పెట్టుబడిదారు, ఊళ్లో కుర్రాళ్లే ఆడతారు, ఒక వంశం కట్నం మీద అది ఆధారపడలేదు. తేడా ఇక్కడ ఉంది.

చివరగా మరో అభ్యంతరం, అన్నిటిలోకీ నాకు బరువైనది ఇదే. ఈ హక్కులను అంత మురిపెంగా చెబుతున్నావు, వాటి అడుగున ఉన్న తక్కువతనం మాటేమిటి? నిజమే. గోండుల పురాణమంతా నోటికి తెలిసిన పర్ధాన్ చేతి అన్నం గోండు తినడు. చిందువారిని తమ కన్నా తక్కువగా చూసే మాదిగలు తామే ఊరి చివరికి నెట్టబడ్డవాళ్లు. అడుగున ఉన్నవాళ్ల కింద మరో అడుగు. శవం మీది బట్ట హక్కుగా తీసుకునే బతుకును ఏ తండ్రీ కొడుక్కి కోరుకోడు. పర్ధాన్ యువకుడు కింగ్రి అటక మీద పెట్టి గిరిజన రిజర్వేషన్‌తో టీచరయితే అతన్ని తప్పుపట్టే నోరు ఎవరికీ లేదు. నేను మిరాశీ తిరిగి రావాలనడం లేదు. వాద్యం పోయిందని వగచేవారు అది ఏ ఏర్పాటు మీద నిలిచిందో చెప్పకుండా దాటేస్తున్నారని అంటున్నాను. కింగ్రిని మ్యూజియంలో పెట్టినా, కళాభవన్ వేదిక మీద పది నిమిషాలు వాయించినా అది వేరే పోషణ, దానికి వేరే రచన పుడుతుంది. పది నిమిషాల వేదిక పది నిమిషాల కథనే కోరుతుంది. ఇది తప్పూ కాదు, వింతా కాదు. పియానో ఉన్న ఇల్లు తనకు కావలసిన సొనాటాను రాయించుకున్నట్టే. కరీంనగర్ చుట్టుపక్కల ఇవాళ జానపద గీతాల వీడియోలు విరివిగా తయారవుతున్నాయి, వాటికి బాణీ కట్టేది ఎలక్ట్రానిక్ కీబోర్డు. అందులో ఒక మీట నొక్కితే వయొలిన్ కూడా పలుకుతుంది. చూసే జనమే పోషకులు, పోషణ ఎటు ఉంటే మెట్లు అటు నడిచాయి.

ఇక కింగ్రి పూర్తిగా పోయిందా అంటే, లేదు. ఎక్కడ ఉందో చూస్తే నా వాదనకే బలం. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా కొలువు. మెస్రంవారు గోదావరి హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి నీళ్లు తెస్తారు, ఆ నీళ్లతో దేవుడికి అభిషేకం. ఆ పూజకు తమ పర్ధాన్ నోటి నుంచి నాగోబా కథ రావాలి. అక్కడ ఆ బదులు కీబోర్డు పెట్టుకుందామని ఎవరూ అనరు, ధ్వని చాలదని మైకు పెట్టుకుంటారు, అంతే. మెస్రంవారు చెదరని వంశం. తమలో తాము చందాలు వేసుకుని కేస్లాపూర్‌లో రాతి గుడి కట్టుకుని 2022 డిసెంబరులో ప్రతిష్ఠ చేసుకున్నారు. గుడికి అంత సొమ్ము పోగుచేయగలిగిన వంశానికి పర్ధాన్‌ను పోషించుకోవడం కష్టం కాదు. కష్టమల్లా అంత బలగం, అంత భూమి, అంత పెద్ద జాతర లేని తక్కిన వంశాలకే. వాటి దేవుళ్లకూ కథలున్నాయి, వాటి పర్ధాన్‌లకూ కొడుకులున్నారు.